అలంకారమే ప్రాణమైన మేడ

ఎత్తయిన కట్టడాలు లోకంలో చాలా ఉన్నాయి. వాటి ముందు నిలబడి అంతస్తులు లెక్కపెడతాం, అడుగులు తెలుసుకుంటాం, ఔరా అనుకుంటాం, కదిలిపోతాం. లెక్క మరిచి అందాన్నే చూస్తూ నిలబడిపోయేలా చేసేవి మాత్రం బహు తక్కువ. న్యూయార్క్ నగరంలో, మన్‌హాటన్ నడిబొడ్డున, లెక్సింగ్టన్ అవెన్యూ మీద 42, 43 వీధుల నడుమ నిలిచిన క్రైస్లర్ బిల్డింగ్ ఆ కొద్దిపాటి వాటిలో మొదటిదని నా నమ్మకం. 77 అంతస్తులు, 1,046 అడుగులు. 1930 మే 27న తలుపులు తెరిచిన నాటికి మనిషి కట్టిన వాటిలో అంతకు మించిన ఎత్తు భూమ్మీద ఎక్కడా లేదు. ఆ ఘనత నిలిచింది పదకొండు నెలలే. 1931 మే 1న ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ తెరుచుకుని ఆ బిరుదును అందుకుంది. తరువాత వచ్చిన ఆకాశహర్మ్యాలు ఎన్నో దీన్ని ఎత్తులో దాటిపోయాయి. దీని అందాన్ని దాటినదాన్ని మాత్రం నేను ఎరగను.

మన ఆలంకారికులు శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్న ఒకటుంది. అలంకారమనేది కావ్యానికి పైనుంచి తొడిగే నగా, లేక కావ్యశరీరంలోనే పుట్టే కాంతా? నగ అయితే తీసి పెట్టెలో దాచుకోవచ్చు, మనిషికి లోటు రాదు. కాంతి అయితే దాన్ని తీయడమంటే ప్రాణం తీయడమే. క్రైస్లర్ బిల్డింగ్ ఈ ప్రశ్నకు ఉక్కుతో, ఇటుకతో, పాలరాతితో చెప్పిన జవాబు. ఇందులోంచి అలంకారాన్ని తొలగించి చూడండి. మిగిలేది ఆఫీసు గదుల దొంతర. ఆ గదులు ఏ మేడలోనైనా ఉంటాయి. అలంకారం చేరగానే అది క్రైస్లర్ బిల్డింగ్ అవుతుంది. అంటే ఇక్కడ ప్రాణం అలంకారంలోనే ఉంది. ఈ మాట ఎందుకంటున్నానో పాదం నుంచి శిరస్సు దాకా చూస్తూ పోతే తెలుస్తుంది.

ముందు దీని నిలువెత్తు రూపం. 1916లో న్యూయార్క్ నగరం ఒక చట్టం చేసింది. మేడలన్నీ వీధి అంచు నుంచి తిన్నగా ఆకాశంలోకి లేస్తే కింద నడిచేవాళ్ళకు ఎండ, గాలి అందవు కాబట్టి, కొంత ఎత్తు దాటాక గోడ వెనక్కి జరగాలన్నది నిబంధన. స్థలంలో నాలుగో వంతు మీద మాత్రం ఎంత ఎత్తయినా లేపుకోవచ్చు. చాలామంది వాస్తుశిల్పులు ఆ చట్టాన్ని ఒక బరువుగా మోశారు. ఈ మేడను రూపొందించిన విలియం వాన్ ఆలెన్ దాన్ని ఛందస్సుగా తీసుకున్నాడు. గణాలు, యతి ముందే నిర్ణయమై ఉన్నా మంచి పద్యం ఎక్కడా ఇరుకున పడ్డట్టు వినపడదు కదా. 16, 18, 23, 28, 31 అంతస్తుల దగ్గర గోడ కొద్దికొద్దిగా వెనక్కి తగ్గుతుంది. ఒక్కో తగ్గుదల దగ్గర చూపు ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పైకి సాగుతుంది. 31వ అంతస్తు దాటాక ఇక ఆగేది లేదు. అక్కడి నుంచి సన్నని బురుజు ఒకే ఊపులో కిరీటం దాకా లేస్తుంది.

ఆ బురుజు గోడల్లో ఎంతో తెలివైన అమరిక ఉంది. ప్రతి ముఖంలోనూ నడిమి భాగాన తెల్ల ఇటుక స్తంభాల మధ్య కిటికీలు నిలువు వరుసల్లో పైకి పోతాయి. మూలల దగ్గర మాత్రం బూడిదరంగు ఇటుకతో అడ్డపట్టీలు తిరుగుతాయి. నడిమి భాగం చూపును పైకి లాగుతుంటే మూలలు దాన్ని బిగించి పట్టుకుంటాయి. నిలువు గీత ఒక్కటే ఉంటే చూపు జారిపోయేది, అడ్డగీత ఒక్కటే ఉంటే బరువుగా కూర్చునేది. రెండూ కలిశాయి కాబట్టి ఎత్తుకు ఒక నడక వచ్చింది.

ఇంకో సూక్ష్మం. ఈ మేడ బరువును మోసేది లోపలి ఉక్కు చట్రం. అందులో బిగించిన రివెట్లు 3,91,881 అని లెక్క చెబుతారు. బయట పేర్చిన దాదాపు 38 లక్షల ఇటుకలు మోసే బరువేమీ లేదు, అవి ఒంటి మీది చర్మం మాత్రమే. పాతకాలపు రాతి కట్టడాల్లో కిటికీ గోడలోకి లోతుగా దిగి ఉంటుంది, ఆ లోతే గోడ మందాన్ని, బలాన్ని చాటుతుంది. వాన్ ఆలెన్ ఇక్కడ కిటికీలను గోడ అంచుకు దాదాపు సమానంగా అమర్చాడు. నీడ పడే లోతు లేదు. దాంతో గోడ మొత్తం బిగువుగా, తేలికగా కనిపిస్తుంది. బరువు మోయని ఇటుక చేత బరువు మోస్తున్నట్టు నటింపజేయలేదు. అలంకారాలు విరివిగా ఉన్న కట్టడాన్ని జనం ఆడంబరమంటారు. ఈ మేడ తన ఒంటి నిర్మాణం విషయంలో ఎంత నిజాయితీగా ఉందో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

ఇప్పుడు 31వ అంతస్తు దగ్గర ఆగుదాం. మెట్లు ముగిసి బురుజు మొదలయ్యే చోటు అది. అక్కడ మేడ చుట్టూ ఒక పట్టీ తిరుగుతుంది. దగ్గరగా చూస్తే అవి కారు చక్రాలు! ఇటుకలతోనే చక్రాలు, మడ్‌గార్డులు తీర్చి, ఒక్కో చక్రం నడుమ మెరిసే లోహపు బిళ్ళ బిగించారు. నాలుగు మూలల్లోనూ పెద్ద పెద్ద రెక్కలతో ఉక్కు బొమ్మలు. ఈ మేడ కట్టించిన వాల్టర్ క్రైస్లర్ కంపెనీ 1929 నాటి కార్ల రేడియేటర్ మూతలకు అవి ప్రతిరూపాలు. ఆ రోజుల్లో కారు ముందు భాగాన రేడియేటర్ మూత బయటికే కనిపించేది. దాన్ని రెక్కలతోనో పక్షితోనో అందంగా మలచడం అప్పటి రివాజు. చేతిలో పట్టే ఆ వస్తువు ఇక్కడ నింగిలో నిలబడే శిల్పమైంది.

రేడియేటర్ మూత మేడ మీద ఏమిటని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. వడ్డాణం మెడలో వేసుకుని హారం నడుముకు చుట్టుకుంటే నవ్వులపాలే అవుతారని ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి చెబుతూ హెచ్చరించాడు. ఏ నగ అయినా దాని చోట ఉంటేనే అందం. ఆ కొలతతో చూసినా ఈ అలంకారం నెగ్గుతుంది. కారు చక్రం ఎక్కడ పెట్టారు? మేడ ఆగి ఆగి ఎక్కడం మానేసి ఒక్క ఊపున పరుగు అందుకునే సరిహద్దు మీద. రెక్కలు ఎక్కడ పెట్టారు? ఆ పరుగు మొదలయ్యే మూలల్లో. చక్రం, రెక్క రెండూ గమనానికి గుర్తులు. గమనం మొదలయ్యే చోటే అవి కుదురుకున్నాయి. ఇది తెలిసి చేసిన పని. అదే పట్టీని ఐదో అంతస్తులో పెట్టి ఉంటే వ్యాపార ప్రకటన అయ్యేది. 31వ అంతస్తులో పెట్టడం వల్ల భావమైంది.

అక్కడి నుంచి చూపు 61వ అంతస్తుకు చేరుతుంది. బురుజు మూలల్లోంచి ఉక్కు గద్దల తలలు ముందుకు చొచ్చుకొచ్చి ఉంటాయి. మూలకు రెండు చొప్పున ఎనిమిది. మెడ చాచి, ముక్కు ముందుకు పెట్టి, గాలిని చీల్చబోతున్నట్టుంటాయి. ఇవీ ఆనాటి క్రైస్లర్ కారు ముందుభాగపు ఆభరణాల నమూనాలే. ఐరోపా మధ్యయుగపు చర్చి గోడల మీద వింత జంతువుల తలలు రాతిలో చెక్కేవారు, వాటి నోళ్ళలోంచి వాన నీళ్ళు జారేవి. ఆ పాత సంప్రదాయం ఇక్కడ కొత్త లోహంలో, కొత్త యుగపు వేగంలో మళ్ళీ పుట్టింది. ప్రసిద్ధ ఛాయాచిత్రకారిణి మార్గరెట్ బర్క్-వైట్ స్టూడియో ఆ 61వ అంతస్తులోనే ఉండేది. కెమెరా పట్టుకుని ఆమె ఒక గద్ద తల మీదికి ఎక్కి, కింద నగరమంతా పరుచుకుని ఉండగా కూర్చున్న ఫోటో లోకప్రసిద్ధం. ఆ చిత్రం చూసినప్పుడల్లా నాకు తోచేది ఒక్కటే. ఆ గద్దను అంత బలంగా ముందుకు దూకుతున్నట్టు మలచకపోతే, దాని మీద కూర్చున్న మనిషి అంత నిశ్చింతగా ఎలా కనిపిస్తుంది?

ఇక కిరీటం. ఈ మేడ గురించి ఏం రాసినా అది కిరీటం దగ్గరికి నడిపించే దారి మాత్రమే.

నాలుగు ముఖాల మీదా ఏడేసి కమానులు, ఒకదాని వెనక ఒకటి, ఒకదాని పైన ఒకటి, పైకి పోయే కొద్దీ సన్నబడుతూ. ఒక్కో కమానులోనూ త్రికోణపు కిటికీలు, వాటి చుట్టూ కేంద్రం నుంచి నలుదిక్కులకూ చిమ్మే గీతలు. ఉదయించే సూర్యుడు, ఆ వెనకే మరో సూర్యుడు, మరో సూర్యుడు, అలా ఏడు సూర్యోదయాలు ఒకే చోట. లోపలి జ్యామితి మరీ గంభీరం. పక్కపక్క ముఖాల కమానులు ఒకదాన్నొకటి శిలువలా ఖండించుకుంటూ కలుస్తాయి. అందుకే ఎదురుగా నిలబడి చూస్తే ఒక రూపం, మూల నుంచి చూస్తే ఇంకో రూపం. మూల నుంచి చూసినప్పుడు రెండు ముఖాల వంపులూ ఒకే అంచు దగ్గర కలిసి పైకి పరిగెడతాయి, చివరికి ఒక్క సూదిమొనలో లీనమవుతాయి. వలయం త్రికోణంగా, త్రికోణం రేఖగా, రేఖ బిందువుగా మారే క్రమమంతా కళ్ళెదుటే జరుగుతుంది.

ఈ కిరీటానికి తొడిగిన లోహం పేరు నిరోస్టా. జర్మనీకి చెందిన క్రుప్ సంస్థ పేటెంట్ ప్రకారం తయారైన స్టెయిన్‌లెస్ స్టీల్, 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ఇంత పెద్ద ఎత్తున ఒక భవనానికి ఈ ఉక్కును తొడిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అప్పటిదాకా గొప్ప కట్టడాల శిఖరాలకు రాగి రేకులో, సీసమో కప్పేవారు. రాగి ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, సీసం నల్లబడుతుంది. ఆ మార్పులోనూ ఒక అందముంది, కాదనను. అది గతించిన కాలపు అందం. వాన్ ఆలెన్ కోరుకున్నది ఎప్పటికీ ఇవాళ్టిలా ఉండే లోహం. కొత్త లోహమెంత కాలం నిలుస్తుందోనన్న సందేహంతో అమెరికా పదార్థ పరీక్షల సంఘం ఒక కమిటీ వేసి ఐదేళ్ళకోసారి ఈ రేకులను పరిశీలించింది. 1960 నాటికి ఇక పరిశీలించాల్సిన పనే లేదని తేల్చింది. కిరీటాన్ని 1961లో ఒకసారి, 1995లో మరోసారి శుభ్రం చేశారు. సముద్రపు గాలి, నగరపు పొగ, మంచు, వాన ఇవన్నీ తట్టుకుని ఆ ఉక్కు నేటికీ మెరుస్తూనే ఉంది.

ఆ మెరుపు అద్దపు మెరుపు కాదు. అద్దమైతే ఎదురుగా ఉన్నదాన్ని చూపించి తాను మాయమవుతుంది. ఈ ఉక్కు ముఖానికి మెత్తని కాంతి ఉంది, ప్లాటినానికి ఉండేలాంటిది. ఆకాశం ఏ రంగు పంపితే దాన్ని తనలో కలుపుకుని తన రంగుగా తిరిగి ఇస్తుంది. తెల్లవారుజామున లేత గులాబి, మధ్యాహ్నం కళ్ళు చెదిరే తెలుపు, మబ్బు పట్టిన పూట ముత్యపు బూడిద, సాయంత్రం పడమటి ఎండ తగలగానే కాల్చిన బంగారం. కమానుల వంపు కారణంగా ఒకే గంటలో ఒక అంచు వెలిగిపోతుంటే పక్క అంచు నీలినీడలో ఉంటుంది. సూర్యుడు జరిగే కొద్దీ ఆ వెలుగు కమాను నుంచి కమానుకు పాకుతుంది. కదలని కట్టడానికి కదలిక ఇచ్చిన విద్య ఇది. చిత్రకారుడు ఒకసారి రంగు వేసి వదిలేస్తాడు. వాన్ ఆలెన్ రంగు వేయలేదు, పొద్దు పొడిచినప్పుడల్లా రంగు వేసే పని సూర్యుడికి అప్పజెప్పాడు.

రాత్రి సంగతి వేరు. త్రికోణపు కిటికీల చుట్టూ దీపాలు అమర్చాలన్నది మొదటి నుంచీ ఉన్న ఆలోచనే అయినా, నేడు మనం చూసే ఆ తెల్లని కాంతిరేఖలు వెలిగింది 1981లో. అప్పటికి వాన్ ఆలెన్ పోయి పాతికేళ్ళు దాటింది. పగలు వెలుగును తీసుకునే కిరీటం రాత్రి వెలుగును ఇస్తుంది. చీకట్లో మేడ ఒళ్ళు కరిగిపోయి, త్రికోణాల కాంతి మాలలు మాత్రమే మిగులుతాయి.

ఇందులో నన్ను అన్నిటికన్నా కదిలించే విషయం ఇంకొకటి. మన్‌హాటన్‌లో అడుగు చోటుకు కూడా అద్దె లెక్క ఉంటుంది. అలాంటి చోట, మేడ మీద అన్నిటికన్నా ఎత్తయిన, అన్నిటికన్నా విలువైన భాగాన్ని అద్దెకు పనికిరానంతగా సన్నబరిచి, వంచి, వెలుగుకు వదిలేశారు. 66 నుంచి 68 దాకా అంతస్తుల్లో క్లౌడ్ క్లబ్ అనే భోజనశాల ఉండేది, 1979లో మూతపడింది. 71వ అంతస్తులో సందర్శకులు నగరాన్ని చూసే గది ఉండేది. దాని పైకప్పు మీద నక్షత్రమండలం చిత్రించి, గాజు గ్రహాలను వేలాడదీశారు. 1945లో అదీ మూతపడింది. ఆ పైన ఉన్నదంతా ఇరుకైన చోటు, నిచ్చెనలు, ఉక్కు. లోపల ఉండేవారి కోసం కట్టింది కాదది. బయట, వీధిలో, టికెట్ కొనకుండా తల ఎత్తి చూసే వారి కోసం కట్టింది. ఒక ధనికుడి సొంత డబ్బుతో లేచిన మేడలో అన్నిటికన్నా మంచి భాగం దారినపోయే వాడికి దక్కింది.

కిరీటం మీది సూదిమొనకు ఒక వీరగాథ ఉంది. వాన్ ఆలెన్ పాత భాగస్వామి క్రెయిగ్ సెవరెన్స్ అదే రోజుల్లో వాల్ స్ట్రీట్ 40వ నంబరులో మరో మేడ కడుతున్నాడు. ఒకప్పుడు కలిసి పనిచేసి విడిపోయిన ఇద్దరి మధ్య లోకంలోకెల్లా ఎత్తయిన కట్టడం ఎవరిదన్న పోటీ. సెవరెన్స్ మేడ 927 అడుగులకు చేరి గెలిచినట్టే కనిపించింది. ఈలోగా వాన్ ఆలెన్ మనుషులు తమ మేడ కిరీటం లోపల, బయటివాళ్ళ కంట పడకుండా, 185 అడుగుల ఉక్కు మొనను ముక్కలుగా చేర్చి పెట్టారు. బరువు 27 టన్నులు. 1929 అక్టోబర్ 23న దాన్ని కిరీటంలోంచి పైకి లేపి బిగించారు. పట్టిన సమయం గంటన్నర. గూడులోంచి సీతాకోకచిలుక బయటికి వచ్చినట్టు అది వచ్చిందని వాన్ ఆలెన్ తానే రాసుకున్నాడు. ఆ గంటన్నరతో ఈఫిల్ టవర్ కూడా కిందికి దిగింది. వెయ్యి అడుగులు దాటిన తొలి మానవ నిర్మాణం లేచి నిలబడింది. మర్నాడే, అక్టోబర్ 24న, న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలడం మొదలైంది. ఒక యుగపు ఆశకు శిఖరం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, తేదీతో సహా చూపించగల చోటు ఇది.

కేవలం పోటీలో గెలవడానికి పెట్టిన మొన అయితే దాన్ని మనం ఇంతసేపు తలచుకోం. ఆ మొన లేకుండా కిరీటాన్ని ఊహించుకోండి. ఏడు కమానుల ఊపు ఎక్కడో ఆగి, మొండిగా ముగిసేది. మొన ఉండడం వల్ల ఆ ఊపుకు ముగింపు దొరికింది. ఎత్తు కోసం వచ్చింది, అందం కోసం నిలిచింది. వీరంతో మొదలై అద్భుతంలో ముగిసింది.

కిందికి దిగి లోపలికి వెళదాం. బయటి ద్వారాల చుట్టూ నల్ల గ్రానైట్ మూడంతస్తుల ఎత్తున తెర తీసిన రంగస్థలంలా నిలిచి ఉంటుంది. లోపలి హాలు త్రికోణాకారం. మూడు వీధుల నుంచి వచ్చే మూడు దారులు ఇక్కడ కలుస్తాయి. పైన కిరీటంలో చూసిన త్రికోణం ఇక్కడ కాళ్ళ కిందికి వచ్చింది. గోడలు మొరాకో నుంచి తెచ్చిన ఎర్ర పాలరాయి, నేల ఇటలీ సియెనా పసుపు రాయి, అక్కడక్కడ నీలిరాయి, తేనెరంగు ఆనిక్స్. వెలుగు ఎక్కడా నేరుగా కంటిని గుచ్చదు. నిలువు దీపాల వెనకనుంచి రాతి మీద పడి, రాతి రంగు కలుపుకుని మన దాకా వస్తుంది. బయట వెండి, లోపల కెంపు. బయట ఆకాశం, లోపల గర్భం. ఒకే మేడ రెండు స్వభావాలతో మాట్లాడుతుంది, రెండింట్లోనూ గొంతు ఒకటే.

తల ఎత్తితే పైకప్పు నిండా ఎడ్వర్డ్ ట్రంబుల్ వేసిన బృహత్ చిత్రం. ప్రయాణం, మనిషి శ్రమ దాని వస్తువులు. విమానాలు, కార్ల కర్మాగారంలో పనివాళ్ళు, ఈ మేడను కట్టిన కూలీలు, చివరికి ఈ మేడే. కట్టిన వాళ్ళ రూపాలను కట్టిన దాని నడినెత్తిన నిలిపిన ఆ సంస్కారం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. చాలా భవనాల్లో డబ్బు పెట్టినవాడి పేరు రాతి మీద ఉంటుంది, రివెట్ కొట్టినవాడి ముఖం ఎక్కడా ఉండదు. ఇక్కడ ఉంది.

లిఫ్టు తలుపుల దగ్గర మరీ నెమ్మదిగా నడవాలి. ఇక్కడ 32 లిఫ్టులున్నాయి. తలుపుల మీద రకరకాల దేశాల చెక్కలను పల్చగా కోసి, రంగుకు రంగు జతచేసి పొదిగిన పువ్వు విరిసి ఉంటుంది. చూస్తే ఈజిప్టు తామర గుర్తొస్తుంది. 1922లో టూటన్‌ఖామున్ సమాధి బయటపడినప్పటి నుంచి ఈజిప్టు రూపాలంటే లోకమంతా మోజు పడింది. 1925 పారిస్ ప్రదర్శన ఆ మోజుకు యంత్రయుగపు గీతను జోడించింది. ఆర్ట్ డెకో అని మనం పిలిచే శైలి అలా ఊపందుకుంది. మన బొంబాయి మెరైన్ డ్రైవ్ ఇళ్ళ గుండ్రని మూలల్లో, పాత సినిమా హాళ్ళ ముఖభాగాల్లో కనిపించేదీ ఆ శైలే. దాని పరాకాష్ట మాత్రం ఈ తలుపుల మీద ఉంది. తలుపు మూసుకున్నప్పుడు పువ్వు పూర్తవుతుంది, తెరుచుకున్నప్పుడు రెండుగా విడుతుంది. ఆఫీసుకు వెళ్ళే మనిషి రోజూ ఒక పువ్వులోంచి లోపలికి అడుగుపెడతాడు.

ఇంత అందాన్ని ఆనాటి విమర్శకులు అందరూ మెచ్చలేదు. వీధిలో వెళ్ళేవాడిని తల ఎత్తేలా చేయడానికి పన్నిన గారడీ తప్ప ఇందులో గంభీరమైన శిల్పం లేదన్నారు కొందరు. అర్థం లేని అలంకారాల పోగు అన్నారు ఇంకొందరు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఆధునిక వాస్తు అలంకారాన్నే నేరంగా చూసింది, గాజు పెట్టెల్లాంటి మేడలు లేచాయి. వాటిలోనూ గొప్పవి ఉన్నాయి. అయినా ఆ తొలి నిందను మన రసశాస్త్రం కళ్ళతో చూడండి. అద్భుత రసానికి స్థాయీభావం విస్మయం. విస్మయం కలిగినవాడు ఏం చేస్తాడు? కళ్ళు విప్పార్చి, రెప్పవేయడం మరిచి, తల ఎత్తి చూస్తాడు. ఆ విమర్శకులు తప్పుగా చూపించినది రసం సిద్ధించిందనడానికి సాక్ష్యం. వీధిలో వెళ్ళే మనిషికి కళల్లో తర్ఫీదు ఉండదు, కట్టడాల చరిత్ర తెలిసి ఉండదు. అలాంటివాడు పని మీద పోతూ ఒక్క క్షణం ఆగి తల ఎత్తాడంటే, ఆ శిల్పం పండితుడి సిఫార్సు లేకుండా హృదయాన్ని తాకిందన్నమాట. కళకు ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏముంది? ఆ పరీక్షలో ఈ మేడ తొంభై ఏళ్ళకు పైగా నెగ్గుతూ వస్తోంది.

వాల్టర్ క్రైస్లర్ పుట్టుకతో ధనికుడు కాదు. కాన్సాస్ పల్లెపట్టున పెరిగి, రైలు వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా మొదలై, సొంత పనిముట్లను తన చేతులతోనే తయారుచేసుకున్నవాడు. తరువాతి రోజుల్లో కార్ల కంపెనీ అధిపతి అయ్యాక, ఆ పనిముట్లను 71వ అంతస్తులో గాజు పెట్టెలో ప్రదర్శనకు పెట్టాడు. ఈ మేడలో చేతిపనికి ఇంత మర్యాద ఎందుకుందో ఈ ఒక్క సంగతితో అర్థమవుతుంది. విలియం రేనాల్డ్స్ అనే వ్యాపారి దగ్గర నుంచి 1928లో స్థలం లీజును, నమూనాను తీసుకున్నాడు. ఆ పాత నమూనాలో శిఖరాన గాజు గుమ్మటం ఉండేది. అది పోయి ఈ ఉక్కు కిరీటం రావడం కళాలోకపు అదృష్టం.

శిల్పికి మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. పారితోషికం గురించి వివాదం వచ్చింది. రాతపూర్వకమైన ఒప్పందం ముందే కుదుర్చుకోని వాన్ ఆలెన్ కోర్టుకెక్కాడు. డబ్బు వచ్చింది కానీ, ఆర్థికమాంద్యపు చీకటి రోజుల్లో అలాంటి పెద్ద పని మళ్ళీ అతడి చేతికి రాలేదు. శిల్పకళ బోధించాడు, 1954లో కన్నుమూశాడు. తన మేడకు ఈ నాడు దక్కుతున్న మన్నన అతడు చూడలేదు. 1976లో దీన్ని అమెరికా జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు, 1978లో న్యూయార్క్ నగరం తన రక్షిత కట్టడాల్లో చేర్చింది.

న్యూయార్క్ చుట్టుపక్కల, ముఖ్యంగా న్యూజెర్సీలో, ఇవాళ తెలుగు కుటుంబాలు ఎన్నో. పిల్లల్ని చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులు ఏటా లిబర్టీ విగ్రహం, ఎంపైర్ స్టేట్, టైమ్స్ స్క్వేర్ చూసి వస్తారు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ దాకా వెళ్ళినవాళ్ళు కూడా దాని పక్కనే ఉన్న ఈ మేడను చూడకుండా తిరిగి రావడం నాకు బాధ కలిగిస్తుంది. వారికి నా విన్నపం ఒక్కటే. ఈసారి ఒక సాయంత్రం దీని కోసం కేటాయించండి. ముందు ఈస్ట్ రివర్ అవతల, క్వీన్స్ ఒడ్డున నిలబడి మేడ మొత్తాన్ని చూడండి. తరువాత 42వ వీధికి వచ్చి చక్రాల పట్టీని, రెక్కలను, గద్దలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టండి. వీలైతే హాల్లోకి వెళ్ళి లిఫ్టు తలుపుల పనితనం దగ్గరగా గమనించండి. చీకటి పడ్డాక మళ్ళీ బయటికి వచ్చి కిరీటం చూడండి. పక్కన మనవడో మనవరాలో ఉంటే, ఏది ఎందుకు అక్కడ ఉందో అడగండి, చెప్పండి. ఎత్తయిన మేడలు ఏ దేశమైనా కట్టుకోగలదు, మన హైదరాబాద్ కూడా కడుతోంది. కట్టబోయే వారు, కట్టించుకునే వారు ఈ మేడ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎత్తును మరొకరు దాటేస్తారు. శ్రద్ధతో చేసిన అలంకారాన్ని, చోటెరిగి పెట్టిన అందాన్ని ఎవరూ దాటలేరు.